స్విట్జర్లాండ్‌లో కారు అద్దెకు తీసుకుని మనమే నడపవచ్చా?

దేవరకొండ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి అడిగిన ప్రశ్న ఇది. మే నెలలో భార్య, తొమ్మిదేళ్ల కొడుకు, మోకాళ్ల నొప్పులున్న 68 ఏళ్ల తల్లితో కలిసి పది రోజులు స్విట్జర్లాండ్, ఉత్తర ఇటలీ చూసి రావాలనుకుంటున్నారు. పన్నెండేళ్లుగా సొంత కారు నడుపుతున్నారు. అక్కడ కారు అద్దెకు తీసుకుని తానే నడపవచ్చా, తెలంగాణ లైసెన్సు చెల్లుతుందా, ఇన్సూరెన్సు ఏది తీసుకోవాలి అని అడిగారు. బావమరిది మాత్రం వద్దే వద్దంటున్నారట.

నడపవచ్చు. అయితే పది రోజులూ కారు అక్కర్లేదు, ఐదు రోజులు చాలు. స్విట్జర్లాండ్‌లో తీసుకుని స్విట్జర్లాండ్‌లోనే అప్పగించండి. ఇటలీకి రైల్లో వెళ్లండి.

నేను నల్లగొండలో ఇరవై నాలుగేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. అంతకుముందు లారీ నడిపాను. మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. తనను చూడటానికి వెళ్లినప్పుడు స్విట్జర్లాండ్‌లో రెండుసార్లు, ఇటలీలో ఒకసారి, వేరే ప్రయాణాల్లో ఒమన్‌లోనూ న్యూజిలాండ్‌లోనూ అద్దె కారు నడిపాను. న్యూజిలాండ్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. మిగతా మూడు దేశాల్లో కుడివైపు. ఈ తేడా గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే నా ప్రాణం మీదికి వచ్చింది దీనివల్లే.

మొదటిసారి స్విట్జర్లాండ్ వెళ్లినప్పుడు బ్రియెంజ్ సరస్సు దగ్గర ఒక చిన్న ఊళ్లో దిగాం. కారు తీసుకుని అప్పటికి మూడో రోజు. రెండు రోజులు పొరపాటు లేకుండా నడిపాను కాబట్టి చేయి తిరిగిందనుకున్నాను. ఉదయం ఐదున్నరకు బంకులో పెట్రోలు పోసుకుని బయటికి వచ్చాను. రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఎడమవైపు తిరగాలి. నల్లగొండలో ఎలా తిరుగుతానో అలాగే, రోడ్డు అంచును పట్టుకుని మెత్తగా ఎడమకు తిరిగిపోయాను. అంటే ఎదురుగా వచ్చేవాళ్ల దారిలోకి. మూడు వందల మీటర్లు అలాగే వెళ్లాను. మలుపు తిరిగేసరికి సూటిగా నా ముందు రెండు హెడ్‌లైట్లు. అది పాలవ్యాను. ఇద్దరం బ్రేకు వేశాం. మధ్యలో ఇరవై అడుగులు మిగిలింది. ఆ డ్రైవరు హారన్ కొట్టలేదు, తిట్టలేదు. అద్దం వెనక నుంచి చేయెత్తి అవతలి వైపు చూపించాడంతే. నా పక్కన మా ఆవిడ, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. ఆ ఇరవై అడుగులు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

ఆ తర్వాత చాలా ఆలోచించాను. రద్దీలో రెండు రోజులు రాని పొరపాటు ఖాళీ రోడ్డు మీద ఎందుకు వచ్చింది? మనం ఇక్కడ పక్క బండ్లను చూసి నడుపుతాం. సాయంత్రం దేవరకొండ రోడ్డు మీద పత్తి ట్రాక్టరు, షేర్ ఆటో, ఇంటికి మళ్లిన గేదెలు, ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనం, వీటి మధ్య ఎక్కడ సందు దొరికితే అటు వెళ్తాం. అలా నడపడం తక్కువ నైపుణ్యమేమీ కాదు. కానీ ఎటు ఉండాలో మనకు చెప్పేది ఎదుటి బండే. అక్కడా ముందు కారు ఉన్నంతసేపు దాని వెనకే సరిగ్గా వెళ్తాం. ముందు ఎవరూ లేనప్పుడు చెప్పేవాళ్లుండరు, చేతులు పాత అలవాటుకు తిరిగిపోతాయి. అందుకే బంకు నుంచి, పార్కింగ్ నుంచి, హోటల్ గేటు నుంచి బయటికొచ్చే మొదటి మలుపు దగ్గర, తెల్లవారుజామున, భోజనం తర్వాత బయల్దేరినప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోండి.

దీనికి నేను నా శిష్యులకు చెప్పే గుర్తు ఒకటుంది. డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత పక్కనే ఉండాలి. ఇక్కడ మనం కారులో కుడివైపు కూర్చుంటాం, మధ్య గీత మన కుడి భుజం పక్కన ఉంటుంది. అక్కడ ఎడమవైపు కూర్చుంటారు, గీత ఎడమ భుజం పక్కన ఉంటుంది. ఏ దేశమైనా గీత మీ పక్కన ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు. గీత మీ భార్య వైపు ఉంటే వెంటనే సరిచూసుకోండి. పాలవ్యాను ఘటన తర్వాత మా ఆవిడ ఒక అలవాటు చేసుకుంది. కారు ఆగిన చోటి నుంచి కదలబోయే ప్రతిసారీ "గీత ఎటు?" అని పైకి అడుగుతుంది, నేను "నా పక్కన" అని జవాబు చెప్పాకే కదులుతాను. తర్వాతి మూడు దేశాల్లో ఒక్కసారి కూడా పక్క మారలేదు. మీరూ ఈ పని ఒకరికి అప్పగించండి.

ఆటోమేటిక్ కారే అడిగి తీసుకోండి. ముందుగా బుక్ చేయకపోతే అక్కడ గేరు బండే చేతికి రావచ్చు. గేరు కుడిచేత్తో మార్చడం కష్టమేమీ కాదు, కానీ మొదటి రెండు రోజులు మీ ధ్యాసంతా రోడ్డు మీదే ఉండాలి. మన కార్లలో చాలావాటికి ఇండికేటర్ స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. ఇండికేటర్ వేద్దామని వైపర్లు తిప్పుతారు. దానివల్ల ప్రమాదం లేదు, కంగారు పడకండి. నష్టం వచ్చేది వేరే చోట. ఇన్నేళ్లూ కారు మేను మీ ఎడమ పక్కన ఉందని మీ ఒంటికి తెలుసు. అక్కడ అది కుడి పక్కన ఉంటుంది. తెలియకుండానే కుడికి జరిగిపోతారు, ముందు కుడి చక్రం ఫుట్‌పాత్ రాయికి రాసుకుంటుంది. అద్దె కార్లలో రిమ్ములు గీసుకుపోయేది ఇలాగే. కుడి పక్క అద్దంలో చక్రానికీ అంచుకూ మధ్య ఎంత జాగా ఉందో మొదటి గంట పదేపదే చూసుకోండి.

సర్కిల్ దగ్గర దిక్కు తిరగబడుతుంది. మన క్లాక్ టవర్ సెంటర్ దగ్గర గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతాం, అక్కడ ముల్లుకు ఎదురు దిక్కున. లోపల తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలి, సందు చూసి దూరకూడదు. ఇంకో నియమం మనవాళ్లకు అసలు తట్టదు. స్విట్జర్లాండ్‌లోనూ ఇటలీలోనూ ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు హక్కు. మీరు పెద్ద వీధిలో ఉన్నా సరే, కుడివైపు చిన్న సందులోంచి కారు వస్తే మీరే ఆగాలి. ఆ సందువాడు మీవైపు చూడను కూడా చూడడు, మీరు ఆగుతారనే నమ్మకంతో వచ్చేస్తాడు. పసుపు డైమండ్ గుర్తు కనిపించే రోడ్డు మీద మాత్రం ముందు హక్కు మీది. జీబ్రా గీతల దగ్గర మనిషి కాలు పెట్టబోతున్నాడనిపించగానే ఆగండి.

వేగం గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఊళ్లో 50, ఊరి బయట 80, మోటార్‌వేపై 120. స్విట్జర్లాండ్‌లో ఊళ్లో పరిమితికి పైన 5 కిలోమీటర్ల వరకు పోతే 40 స్విస్ ఫ్రాంకులు, 10 వరకు అయితే 120, 15 వరకు అయితే 250. అంతకు పైన అయితే అక్కడికక్కడ కట్టి బయటపడే జరిమానా కాదు, కేసు నడుస్తుంది. కెమెరాలు ఊరి మొదట్లోనే ఉండవచ్చు. నార్కట్‌పల్లి దాటాక హైవే మీద కాలు ఎలా బిగుస్తుందో మీకు తెలుసు, ఆ కాలిని అక్కడ నమ్మకండి. కారులో వేగపరిమితి మీట ఉంటే వాడండి. పగలు కూడా లైట్లు వేసి నడపాలి, 2014 నుంచి అక్కడ అది చట్టం.

ఇక కాగితాలు. మన లైసెన్సు ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి స్విట్జర్లాండ్‌లో చెల్లుతుంది. ఇటలీలో నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. మీరు ఇటలీలో నడపకపోయినా అది తీసుకోండి, కొన్ని అద్దె కంపెనీలు అది లేనిదే తాళం ఇవ్వవు. ఆర్టీఏ కార్యాలయంలో ఫారం 4ఎ మీద దరఖాస్తు చేయాలి. కేంద్ర నిబంధనల ప్రకారం రుసుము 1000 రూపాయలు, రాష్ట్ర సేవా రుసుములు వేరు. ఏడాది వరకు చెల్లుతుంది, మీ లైసెన్సు గడువు ముందే ముగిస్తే దానితోపాటే ముగుస్తుంది. అసలు లైసెన్సు లేకుండా ఆ పర్మిట్‌కు విలువ లేదు, రెండూ జేబులో ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గర. పాస్‌పోర్టు మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. లైసెన్సు మీద ఒక్క అక్షరం, చుక్క. బ్యాంకు కార్డు మీద ఇంకో రకం. ఇక్కడ దీన్ని ఎవరూ పట్టించుకోరు, మనందరి పేర్లూ అలాగే ఉంటాయి కదా. అక్కడి కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి ఆ ఒక్క అక్షరం మీ ఇంటిపేరని ఎలా తెలుస్తుంది? మా శిష్యుడొకరు సూర్యాపేట నుంచి వెళ్లి ఇదే కారణంతో కౌంటర్ దగ్గర రెండు గంటలు నిలబడ్డాడు. లైసెన్సులో పేరు సవరించుకోవడానికి ఇంకా సమయం ఉంది, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. పర్మిట్ ఆ తర్వాత తీసుకుంటే దాని మీదా పూర్తి పేరే వస్తుంది.

కార్డు సంగతి బ్యాంకు ఉద్యోగికి నేను చెప్పేదేముంది, అయినా ఒక మాట. నడిపేవారి పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డుతో పని జరగదనుకోండి. అందులో కొంత మొత్తం డిపాజిట్‌గా ఆపి ఉంచుతారు. అది తిరిగి విడుదల కావడానికి రోజులు పడుతుంది కాబట్టి పరిమితి నిండా వాడిన కార్డు తీసుకెళ్లకండి. విదేశీ లావాదేవీలను యాప్‌లో ముందే తెరిచి పెట్టుకోండి.

ఇన్సూరెన్సు మీరు అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను. అద్దెలో సాధారణంగా ఒక రక్షణ కలిసే ఉంటుంది, కానీ నష్టం జరిగితే మొదటి వాటా మీరే భరించాలని అందులో రాసి ఉంటుంది. ఆ వాటా వెయ్యి ఫ్రాంకులు కావచ్చు, రెండు మూడు వేలూ కావచ్చు. చిన్న గీతకు కూడా అందులోంచే కోస్తారు. దాన్ని సున్నా చేసే అదనపు రక్షణ కొనమని కౌంటర్ దగ్గర ఒత్తిడి చేస్తారు. మీకు నా సలహా ఏమిటంటే, మొదటి ప్రయాణం కాబట్టి దాన్ని కొనండి. ముందుగా బుక్ చేసేటప్పుడే కొంటే కౌంటర్ ధరకంటే తక్కువకు దొరుకుతుంది. కొనేముందు ఒక్కటి చూడండి: టైర్లు, అద్దాలు, రిమ్ములు, బండి అడుగుభాగం అందులో ఉన్నాయా లేవా? చాలా పాలసీలు వీటినే మినహాయిస్తాయి, కొత్త డ్రైవరు చేతిలో దెబ్బ తినేవీ ఇవే. మన ప్రయాణ ఇన్సూరెన్సు ఆసుపత్రి ఖర్చుల కోసం, అద్దె కారు నష్టం దానిలోకి వస్తుందనుకోకండి.

తాళం చేతికొచ్చాక పావుగంట కారు చుట్టూ తిరగండి. ఫోనులో ఆగకుండా వీడియో తీయండి. నాలుగు రిమ్ములు, బంపర్ల కింది అంచు, ముందు అద్దం మీద చిన్న రాతి దెబ్బలు, డ్యాష్‌బోర్డులో ఇంధనం ముల్లు, కిలోమీటర్లు. కాగితంలో రాయని గీత ఏది కనిపించినా అక్కడే రాయించి సంతకం తీసుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు కారు అప్పగిస్తుంటే వెనక ఎడమ రిమ్ము మీద అరచేయి పొడవు గీతను చూపించి డబ్బు కట్టమన్నారు. నేను వీడియో తెరిచి, మొదటి రోజు ఉదయం అదే గీత మీద నా వేలు ఉన్న చోట ఆపి చూపించాను. అతను ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మీద కొట్టేశాడు. వీడియో లేకపోతే ఆ రోజు నేను కట్టి ఉండేవాణ్ని. అప్పగించేటప్పుడు కూడా ఇంకో వీడియో తీయండి.

ఇంధనం గురించి భాష రాకపోయినా పనికొచ్చే గుర్తు: పంపు దగ్గర, పెట్రోలు మూత దగ్గర గుండ్రటి గుర్తులో ఇంగ్లిషు E అక్షరం ఉంటే పెట్రోలు, చతురస్రంలో B అక్షరం ఉంటే డీజిల్. మూతకూ పంపుకూ ఒకే ఆకారం ఉందో లేదో చూసి పోయండి.

ఇటలీలో కారు ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. అక్కడి పాత పట్టణాల నడిబొడ్డున బయటి బండ్లకు ప్రవేశం లేని ప్రాంతాలుంటాయి. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు, పక్కన కెమెరా. గేటు ఉండదు, పోలీసు ఉండడు. ఫోనులో దారి చూపించే గొంతు నన్ను నేరుగా దానిలోకే తీసుకెళ్లింది, హోటల్ వెతుక్కుంటూ రెండుసార్లు తిరిగాను. ఏడు నెలల తర్వాత నల్లగొండకు రెండు నోటీసులు వచ్చాయి. లోపలికి వెళ్లిన ప్రతిసారికీ ఒక జరిమానా. అంతకు ముందే, నా చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు కారు కంపెనీ నా కార్డు నుంచి విడిగా డబ్బు తీసుకుంది. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. మొదటి ప్రయాణంలో, వెనక పెద్దావిడను కూర్చోబెట్టుకుని, ఆ సందుల్లో బోర్డులు చదువుతూ నడపాల్సిన అవసరం మీకు లేదు.

కొండదారుల గురించి మాత్రం అంత భయం వద్దు. శ్రీశైలం వెళ్లినప్పుడు ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు ఎలా దిగుతారో గుర్తు తెచ్చుకోండి. బ్రేకు మీద కాలు పెట్టి దిగేవాళ్ల బండి కింది మలుపుల దగ్గరికి వచ్చేసరికి కాలిన వాసన వేస్తుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని లారీవాళ్లు చెప్పే మాట ఆల్ప్స్ కొండల్లోనూ అంతే నిజం. ఆటోమేటిక్‌లో కూడా గేరు తగ్గించే పద్ధతి ఉంటుంది, కౌంటర్ దగ్గరే అడిగి చూపించుకోండి. ఇరుకు దారిలో పసుపు రంగు పోస్టు బస్సు ఎదురైతే దానికే దారి. ఎటు జరగాలో ఆ డ్రైవరు చేత్తో చూపిస్తాడు, అతను చెప్పినట్టు చేయండి. ఆ దారిలో రోజూ తిరిగే మనిషి అతను.

మే నెల కాబట్టి ఇంకో విషయం. ఫుర్కా, గ్రిమ్‌సెల్, సుస్టెన్ వంటి ఎత్తైన కనుమలు మామూలుగా జూన్‌లో గానీ తెరుచుకోవు, మంచు ఉంటుంది. ఫొటోలు చూసి వాటి మీదుగా దారి గీసుకోకండి. జ్యూరిక్ విమానాశ్రయంలో దిగిన రోజు కారు ముట్టుకోవద్దు. శంషాబాద్‌లో అర్ధరాత్రి ఎక్కి, మధ్యలో విమానం మారి, నిద్రలేని కళ్లతో కొత్త పక్కన నడపడం తాగి నడపడంతో సమానం. స్టేషన్ విమానాశ్రయం కిందే ఉంది, రైల్లో లూసెర్న్ వెళ్లి పడుకోండి. మర్నాడు ఉదయం పదింటికి, రద్దీ తగ్గాక అక్కడ కారు తీసుకోండి. ఆ రోజు ఆదివారం కాకుండా చూసుకోండి, ఊళ్లలోని కౌంటర్లు మూసి ఉంటాయి.

అక్కడి నుంచి బ్రూనిగ్ కనుమ మీదుగా బ్రియెంజ్, ఇంటర్‌లాకెన్ వైపు వెళ్లండి. ఎత్తు 1008 మీటర్లే, ఏడాదంతా తెరిచి ఉంటుంది, చేయి తిరగడానికి మంచి దారి. అక్కడే మూడు రోజులు ఉండండి. అమ్మగారి మోకాళ్లకు కారు పనికొచ్చేది ఇక్కడే. లోయలో ఆగాలనుకున్న చోట ఆగవచ్చు, డిక్కీలోంచి పెరుగన్నం డబ్బా తీసి సరస్సు ఒడ్డున బల్ల మీద పెట్టుకోవచ్చు. వెంగెన్, మ్యూరెన్ ఊళ్లలోకి కార్లు వెళ్లవు, లాటర్‌బ్రునెన్ లోయలో ఆపి పైకి రైలో కేబుల్ కారో ఎక్కాలి. నీలం గీతల పార్కింగ్‌లో వచ్చిన సమయం చూపించే అట్ట అద్దం వెనక పెట్టాలి, ఆ అట్ట సాధారణంగా కారులోనే ఉంటుంది.

ఆ తర్వాత గోట్‌హార్డ్ సొరంగం గుండా దక్షిణానికి. దాదాపు 17 కిలోమీటర్లు, వేగం 80, ఒకే గొట్టంలో ఎదురెదురుగా రాకపోకలు. వారాంతంలో దాని ముందు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరతాయి, మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ముందు బండికి బాగా ఎడం ఉంచి వెళ్లండి. లుగానోలో కారు అప్పగించండి, వేరే ఊళ్లో అప్పగించే రుసుము ఎంతో బుక్ చేసేటప్పుడే అడగండి. అక్కడి నుంచి కోమో, మిలాన్ రైల్లో దగ్గరే.

బాబుకు తొమ్మిదేళ్లన్నారు. స్విట్జర్లాండ్‌లో పన్నెండేళ్లు నిండేవరకు, లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు పిల్లలకు ఎత్తు సీటు (బూస్టర్) తప్పనిసరి. దాన్ని కారుతోపాటే బుక్ చేయండి. వెనక కూర్చున్న అమ్మగారికీ బెల్టు ఉండాల్సిందే, ఇక్కడి నుంచే అలవాటు చేయండి.

మీరు దేవరకొండలోనే ఉంటారు కాబట్టి చివరగా ఒక మాట. మా డ్రైవింగ్ స్కూల్ మైదానంలో ఆదివారం పొద్దున సున్నంతో రోడ్డు గీసి పెడతాను. మధ్య గీత, ఎదురు దిక్కున తిరిగే సర్కిల్, ఎడమకు పెద్ద మలుపు, కుడికి చిన్న మలుపు. మీ కారు స్టీరింగ్ కుడివైపే ఉంటుంది కాబట్టి గీత అద్దం అవతల పడుతుంది. అయినా మలుపులు ఎటు తిరగాలో చేతులకు పట్టుబడుతుంది. రెండు ఆదివారాలు వస్తే చాలు, రుసుమేమీ వద్దు. అమ్మగారినీ మీ భార్యనూ కూడా తీసుకురండి. బయల్దేరిన ప్రతిసారీ "గీత ఎటు?" అని అడగడం వాళ్లలో ఎవరో ఒకరు ఇక్కడే నేర్చుకోవాలి.